వేసవి ప్రయాణమునకు ముందు కారు

పరీక్షలు ముగిసినంతనే మన బరంపురమునుండి పలు కుటుంబములు ఇచ్ఛాపురము మీదుగా విశాఖపట్టణము వైపు కార్లలో బయలుదేరును. ఇది సుమారు 260 కిలోమీటర్ల దూరము. రహదారి సంఖ్య నేడు 16. పెద్దలింకను 5 అనియే యందురు.

మొదట టైర్లు. గాలిని తెల్లవారుజామున, బండి చల్లగా నున్నప్పుడే కొలిపింపవలెను. కొంతదూరము నడచిన టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి హెచ్చుగా కనబడును. అది చూచి గాలి తీయించుట పొరపాటు. నేనును చాలకాలమట్లే చేసితిని. చల్లారిన పిమ్మట గాలి తక్కువైన టైరు మరల నడచునప్పుడు ప్రక్కలు నలిగి, మితిమీరి కాగి పగులవచ్చును. తగిన కొలత డ్రైవరు తలుపు చట్రముపై నంటించిన చీటిలో నుండును. స్టెప్నీని మరువరాదు.

ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూత తీయరాదు. ప్రెషరు కుక్కరు పాఠమే యిది: ఒత్తిడిచే మరుగకున్న నీరు మూత తీసినంతనే పొంగి ముఖమును కాల్చును.

అన్నిటికంటె ముఖ్యము పిల్లల సంగతి. ఎండలో అద్దములు మూసిన కారులోని వేడి పది నిమిషములలో సుమారు 10 డిగ్రీలు పెరుగును; అద్దము కొంచెము దించినను మేలు స్వల్పమే. దారిలో కాఫీకి దిగినను, నిద్రించు బిడ్డను ఎత్తుకొనియే దిగవలెను.