పైనుంచి కిందికి: లైనక్స్ ప్యాకేజీల బ్రాంచ్ పాఠం

మా మండపేటలో నాట్ల కాలం వస్తే అందరి చూపూ కాలువ మీదే. ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే పెద్ద కాలువ, అక్కణ్ణుంచి పిల్ల కాలువ, ఆ తర్వాత బోదె, చివరికి చేను. పైన గండి పడితే మన చేను గట్టు ఎంత బాగుచేసుకున్నా లాభం లేదు. లైనక్స్ ప్యాకేజీల సంగతీ అంతే. నాకిది కాస్త లేటుగా బోధపడింది.

ముందు నా తప్పు చెబుతాను. కొన్ని ల్యాబ్ మెషీన్లలో తెలుగు ఫాంట్ ప్యాకేజీకి ఓ చిన్న మార్పు కావాల్సి వచ్చింది. ఆ మెషీన్ల కోసం ఉంచుకున్న బ్రాంచ్‌లోనే స్పెక్ ఫైల్ దిద్ది, ఆర్‌పీఎం తయారుచేసి పెట్టేశాను. ఆర్నెల్ల తర్వాత సిస్టమ్ అప్‌గ్రేడ్ చేస్తే నా మార్పు మాయం! కొత్త వెర్షన్ పైనుంచి వచ్చింది. పైవాళ్లకు నా మార్పు గురించి తెలియనే తెలియదు.

ఇంతకీ ఏది పైన, ఏది కింద?

అన్నిటికన్నా పైన అసలు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, అంటే అప్‌స్ట్రీమ్. తర్వాత ఫెడోరా. అందులో రాహైడ్ అనే బ్రాంచ్ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. దాన్నుంచి సుమారు ఆర్నెల్లకో రిలీజ్ చీలుతుంది. ఫెడోరా 34 ఆధారంగా సెంటాస్ స్ట్రీమ్ 9, దాన్నుంచి 2022 మే నెలలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 వచ్చాయి. దీన్నే పొట్టిగా రెల్ అంటారు. ఫెడోరా రిలీజ్ ఆయుష్షు దాదాపు 13 నెలలు, రెల్‌ది పదేళ్లు. అసలు చిక్కంతా ఈ తేడాలోనే ఉంది.

పాత సెంటాస్ లైనక్స్ రెల్‌కి కింద ఉండేది. రెల్ విడుదలయ్యాక అదే సోర్సుతో మళ్లీ కట్టేవాళ్లు. కాబట్టి అక్కడ బగ్ కనబడినా అక్కడ దిద్దే వీల్లేదు. 2020 డిసెంబరులో దారి మార్చి, ఇకపై రెల్‌కి పైన ఉండే స్ట్రీమ్ మీదే దృష్టి పెడతామని ప్రకటించారు. సెంటాస్ లైనక్స్ 8 మద్దతు 2021 చివరితో ఆగిపోయింది. చాలామందికి కోపం వచ్చింది. ఆల్మా, రాకీ పుట్టాయి. కానీ ఒక లాభం ఉంది: రెల్‌లోకి వెళ్లబోయే మార్పుని ఇప్పుడు బయటివాళ్లు కూడా ముందే ప్రతిపాదించవచ్చు.

మన ఫాంట్లనే తీసుకోండి. లోహిత్ తెలుగు ఫెడోరాలోనూ ఉంది, రెల్ 9లోనూ ఉంది. దానికి మార్పు కావాలంటే ముందు అప్‌స్ట్రీమ్, తర్వాత రాహైడ్, ఆపైన స్ట్రీమ్ 9 బ్రాంచ్‌కి మెర్జ్ రిక్వెస్ట్. రెల్‌లో లేని ప్యాకేజీకి దారి వేరు: ఫెడోరా రిపోలోనే ఈపెల్9 అనే బ్రాంచ్ తీస్తారు. అయితే ఈపెల్ ప్యాకేజీ రెల్‌లో ఉన్నదాన్ని తోసేయకూడదన్నది అక్కడి నియమం.

బ్రాంచ్‌లని కలిపి ఉంచడానికి రెండు పద్ధతులు.

ఒకటి, అన్నిటికీ ఒకే స్పెక్. తేడా ఉన్నచోట ‘ఇది రెల్ అయితే ఇలా’ అని షరతు రాసి, రాహైడ్‌ని కింది బ్రాంచ్‌లోకి ఫాస్ట్-ఫార్వర్డ్ మెర్జ్ చేయడం. ఫాంట్లలాంటి చిన్న ప్యాకేజీలకు ఇది హాయి. షరతులు పెరిగితే మాత్రం స్పెక్ చదవలేం.

రెండు, బ్రాంచ్‌లని విడిగా వదిలేసి, కావాల్సిన కమిట్‌ని మాత్రమే చెర్రీ-పిక్ చేయడం. వెర్షన్ మారకూడని ఎంటర్‌ప్రైజ్ బ్రాంచ్‌కి ఇదే దారి. చెర్రీ-పిక్‌కి ‘-ఎక్స్’ తగిలిస్తే అసలు కమిట్ నంబరు మెసేజ్‌లోనే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత వచ్చే జూనియర్‌కి అదే ఆధారం.

ఏ పద్ధతైనా ఒక జాగ్రత్త: కింది బ్రాంచ్‌లో వెర్షన్-రిలీజ్ నంబరు పైదానికన్నా పెద్దది కాకూడదు. పాతదాంట్లో 5, కొత్తదాంట్లో 4 ఉంటే, మామూలు అప్‌గ్రేడ్‌లో పాతదే అలాగే ఉండిపోవచ్చు.

కాలువతో పోలిక ఇక్కడితో ఆగుతుంది. నీరు పల్లానికి తనే పారుతుంది, ప్యాచ్ పారదు. ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు తలుపెత్తాలి. అందుకే ఈసారి కింది బ్రాంచ్‌లో చెయ్యి పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పైన చెప్పామా? అత్యవసరమై కిందే దిద్దాల్సి వస్తే దిద్దండి, కానీ అదే రోజు పైకీ పంపండి. నేను పంపలేదు. అందుకే ఒకసారి చేసిన పనిని రెండోసారి చేశాను.