నీడ నేర్పే ఖిబ్లా పాఠం

నమాజు వేళ ఖిబ్లా ఎటో తెలియకపోతే నేడు ఫోన్ తీస్తాం. క్షణంలో బాణం గుర్తు దిశ చూపుతుంది. ఇదీ అల్లాహ్ ఇచ్చిన సౌకర్యమే. అయితే ఆ బాణాన్ని తిప్పేది ఫోన్‌లోని అయస్కాంత దిక్సూచి. దగ్గర్లో ఇనుప చువ్వలో, మోటారో ఉంటే అది పక్కకు తిరగవచ్చు. మస్జిద్ పునాది తీసే చోట ఇనుము లేకుండా ఉంటుందా? కొద్ది డిగ్రీల తేడాతో నమాజు చెల్లదని కాదు. దూరాన ఉన్నవారికి ఆ వైపు తిరిగితే చాలని అత్యధిక ఉలమాల అభిప్రాయం. అయినా తరతరాలు నిలిచే గోడ కట్టేముందు మరొక సాక్షి ఉండటం మేలు. ఆ సాక్షి సూర్యుడే.

చదునైన నేలపై నిటారుగా కర్ర నాటండి. దాని మొదలు కేంద్రంగా తాడుతో వలయం గీయండి. మిట్టమధ్యాహ్నపు నీడ ఆ వలయం లోపలే ఉండాలి. ఉదయం నీడ కొన తగ్గుతూ వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత పెరుగుతూ తాకిన చోట మరో గుర్తు పెట్టండి. రెండూ కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. ఉదయం పెట్టిన గుర్తు పడమర వైపుది. ముస్లిం ఖగోళ శాస్త్రజ్ఞులు దీన్ని మన దేశం పేరుతోనే 'హిందీ వలయం' అన్నారు. గజనీ పట్టణపు ఖిబ్లాను లెక్కగట్టడానికి అల్ బీరూనీ సుమారు 1025లో ఒక గ్రంథమే రాశారు.

మక్కా మనకు సరిగ్గా పడమర కాదు, కాస్త ఉత్తరంగా ఉంది. ఆ గీత వెంట కరీంనగర్‌లో ఐదు మూరలు పడమరకు, అక్కడినుంచి ఒక మూర ఉత్తరానికి కొలవండి. బయలుదేరిన చోటు నుంచి అక్కడికి గీసిన గీతే ఖిబ్లా. పడమర నుంచి సుమారు 11 డిగ్రీలు. ఆదిలాబాద్‌లో ఆరు మూరలకు ఒక మూర. దాదాపు 10 డిగ్రీలు.

సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. ఏటా మే 27 లేదా 28న మన గడియారంలో మధ్యాహ్నం 2:48కి సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన సూర్యుడున్న వైపే ఖిబ్లా. జూలై 15, 16 తేదీల్లోనూ సుమారు 2:57కి ఇలాగే జరుగుతుంది, కానీ మనకది మబ్బుల కాలం.

ఫోన్ జవాబు చెబుతుంది. నీడ ఆ జవాబు ఎలా వచ్చిందో చూపుతుంది. తాను గీసిన గీత, సూర్యుడు చూపిన దిశ ఒకటైనప్పుడు పిల్లవాడికి కలిగే ఆనందం వేరు. దాతలారా, ఈ పాఠానికి కర్ర, తాడు, ఒక పగటి ఎండ చాలు. వచ్చే మే నెలలో మీ మక్తబ్ పిల్లలతో ఒకరోజు గడపండి. ఇన్షా అల్లాహ్, ఆ విద్య కూడా సదఖా జారియాగా నిలుస్తుంది.