బొమ్మ కింద ఎవరి పేరుంది?



గత నెల ఎనిమిదో తరగతి పిల్లలకు లైబ్రరీ పీరియడ్‌లో ఒక చిన్న టాక్ ఇచ్చాను. విషయం: చరిత్ర పక్కన పెట్టేసిన మహిళా చిత్రకారుల జీవితాలు. చాలామంది గురించి తలా రెండు ముక్కలు చెప్పడం కంటే, ఒక్కరి గురించే వివరంగా చెప్పాలనుకున్నాను. ఆ రోజు క్లాసులో జరిగింది మీతో కూడా పంచుకోవాలనిపించింది.

ముందు ప్రొజెక్టర్ మీద ఒక బొమ్మ చూపించాను. నవ్వుతున్న ఇద్దరు పిల్లలు. అబ్బాయి చేతుల్లో ఒక పిల్లిపిల్ల, పాములా ఉండే ఒక ఈల్ చేప. అమ్మాయి పిల్లి తోక పట్టుకుని, వేలెత్తి చూపిస్తోంది. క్లాసంతా నవ్వులే. "దీని గురించి ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాలు రాయండి. ఒక వాక్యం బొమ్మ వేసినవాళ్ల గురించి ఉండాలి" అన్నాను.

నోట్స్ దిద్దుతుంటే, ఆ వాక్యం దాదాపు అందరి పుస్తకాల్లోనూ 'హీ' అనే మొదలైంది. అమ్మాయిలూ అలాగే రాశారు. నా చిన్నప్పుడు నేనైనా అదే రాసేదాన్ని.

ఆ బొమ్మ వేసింది జూడిత్ లేస్టర్ అనే మహిళ. 1635 ప్రాంతంలో వేశారు. ఇప్పుడది లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఎవరీ జూడిత్?

జూడిత్ 1609లో నెదర్లాండ్స్‌లోని హార్లెం ఊళ్లో పుట్టారు. ఆమె తండ్రి చిత్రకారుడు కాదు. ఆయనకు బీరు తయారుచేసే వ్యాపారం ఉండేది, తర్వాత దివాళా తీశారు. అయినా జూడిత్ బొమ్మలు వేయడం నేర్చుకుని, 1633లో హార్లెంలోని సెయింట్ లూక్ గిల్డ్‌లో సభ్యురాలయ్యారు. గిల్డ్ అంటే చిత్రకారుల వృత్తి సంఘం. అందులో చేరినవాళ్లే సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకుని శిష్యులను చేర్చుకోగలిగేవారు. అప్పటికి ఆమె వయసు 24 ఏళ్లు.

పిల్లలకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. 1635లో ఆమె దగ్గర చేరిన ఒక శిష్యుడు కొద్ది రోజులకే వెళ్లి, అదే ఊళ్లో చాలా పేరున్న చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గర చేరిపోయాడు. జూడిత్ ఊరుకోలేదు. గిల్డ్‌లో ఫిర్యాదు చేసి, అడిగినంత కాకపోయినా కొంత డబ్బు రాబట్టుకున్నారు. "అంత పెద్ద ఆయన మీదే కంప్లైంట్ ఇచ్చారా టీచర్!" అని వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

1636లో ఆమె యాన్ మీన్సె మోలెనార్ అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకున్నారు. ఐదుగురు పిల్లలు పుట్టారు. ఆమె చిత్రాల్లో మనకు తెలిసినవి ఎక్కువగా పెళ్లికి ముందువే. తర్వాతి కాలానివి చాలా తక్కువ. 1660లో ఆమె చనిపోయారు.

పేరు ఎలా పోయింది?

పిల్లలతో కలిసి బోర్డు మీద మూడు కారణాలు రాశాం.

ఒకటి, సంతకం. జూడిత్ తన బొమ్మల మీద పూర్తి పేరుకు బదులు ఎక్కువగా జె, ఎల్ అక్షరాలు కలిపి, పక్కన ఒక చిన్న నక్షత్రం వేసేవారు. లేస్టర్ అంటే దారి చూపే నక్షత్రం అని అర్థం. గుర్తు అందంగానే ఉంది. కానీ ఆమెను ఎరిగినవాళ్లు పోయాక, అది ఎవరి గుర్తో చెప్పేవాళ్లు లేకపోయారు.

రెండు, మార్కెట్. ఆమె శైలి హాల్స్ శైలికి దగ్గరగా ఉంటుంది. హాల్స్ పేరు చెబితే బొమ్మకు ఎక్కువ ధర వస్తుంది. దాంతో ఆమె బొమ్మల్లో కొన్ని ఆయన ఖాతాలోకి వెళ్లిపోయాయి.

మూడు, కాగితాలు. 1668లో భర్త మోలెనార్ చనిపోయాక ఇంట్లోని ఆస్తుల లిస్టు రాశారు. అందులో జూడిత్ వేసిన బొమ్మలు ఆమె పేరుతో లేవు, చనిపోయినాయన భార్య వేసినవని ఉన్నాయి. మన దగ్గర కాగితాల మీద 'వైఫ్ ఆఫ్' అని ఉంటుందే, అలాంటిదే. అక్కడ కనీసం ఆ మాట ముందు ఆవిడ పేరైనా ఉంటుంది.

తిరిగి ఎలా దొరికింది?

రెండు వందల ఏళ్లకు పైగా ఆమె పేరు దాదాపు ఎవరికీ తెలియదు. తర్వాత, హాల్స్ వేసిందని నమ్మి లండన్ వ్యాపారులు కొన్న ఒక బొమ్మ మీద ఆ అక్షరాలూ నక్షత్రమూ బయటపడ్డాయి. మంచి చిత్రకారిణి దొరికారని ఎవరూ సంబరపడలేదు. హాల్స్‌ది కాదు కాబట్టి మా డబ్బు మాకివ్వండి అని గొడవ కోర్టుదాకా వెళ్లింది. చివరకు ధర తగ్గించి రాజీ కుదుర్చుకున్నారు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1893లోనే హాఫ్‌స్టెడె డె గ్రూట్ అనే డచ్ పరిశోధకుడు ఆ గుర్తు ఆధారంగా ఏడు చిత్రాలు జూడిత్‌వేనని తేల్చారు.

ఇక్కడ ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్న: "బొమ్మ అదే కదా టీచర్, పేరు మారితే రేటు ఎందుకు తగ్గింది?" నేను సమాధానం చెప్పలేదు. ఇంటికెళ్లి అందరూ ఆలోచించండి అన్నాను. మీరూ మీ పిల్లలతో దీని గురించి ఒకసారి మాట్లాడండి.

మన ఇళ్లలో

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే ఒక పాత బోటనీ రికార్డు తెచ్చింది. వాళ్ల మావయ్య ఇంటర్‌లో ఉన్నప్పటిది. మందారపువ్వు నిలువుకోత, ఆకు అడ్డుకోత, చక్కగా షేడింగ్ చేసి, స్కేలు పెట్టినట్టు లేబుళ్లు. అట్ట మీద మావయ్య పేరు, లోపల లెక్చరర్ సంతకాలు. బొమ్మలన్నీ వేసింది మాత్రం వాళ్ల అమ్మ.

పీటీఎంలో ఆవిడను కలిసినప్పుడు ఈ మాట ఎత్తాను. ఆవిడ నవ్వేసి, "అదేముందండీ టీచర్‌గారూ, అప్పట్లో అందరి ఇళ్లలో అంతే కదా. మా అన్నయ్యకు గీత కుదిరేది కాదు" అన్నారు. ఆ మాటలో అన్న మీద కోపం లేదు, ప్రేమే ఉంది. కానీ పక్కనే నిలబడ్డ పాప అమ్మనే చూస్తోంది. అమ్మ బొమ్మలు వేస్తుందని పాపకు తెలిసింది ఆ వారమేనట.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కొందరు పేరెంట్స్, "డ్రాయింగ్ టైమ్‌లో మ్యాథ్స్ చేయించండి టీచర్" అంటారు. మీ కంగారు నాకు అర్థమవుతుంది. మార్కులు, సీట్లు అన్నీ నిజమే. ప్రతి పాపా చిత్రకారిణి కావాలని నేను అనడం లేదు. వారానికి ఒక్క గంట ఉండనివ్వండి. వేసిన బొమ్మ ఆమె పేరుతో ఇంట్లో ఉండనివ్వండి. ఆ గంటలో ఆమె చేసింది లెక్కలోకి వస్తుందా, రాదా అన్నది ఆమె మొదట మీ దగ్గరే నేర్చుకుంటుంది.

ఇంట్లో చేయించండి

1. మీ పాప గానీ బాబు గానీ బొమ్మ వేస్తే, కింద పూర్తి పేరు, తేదీ రాయమనండి. ఒక ఫైల్‌లో దాచండి.

2. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో జూడిత్ 1630 ప్రాంతంలో వేసుకున్న సొంత చిత్రం ఉంది. ఫోన్‌లో తెరిచి పిల్లలతో కలిసి చూడండి. చేతిలో కుంచెలు, పనిలో ఉండగా ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగినట్టున్న ముఖం. ఆమె ఏం చెప్పబోతున్నారో ఒక వాక్యం రాయించండి.

3. సెలవుల్లో రాజమహేంద్రవరం వెళితే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించండి. 1925లో, ముప్ఫై ఏళ్లు నిండకుండానే చనిపోయిన గొప్ప చిత్రకారుడు ఆయన. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. ఏ బొమ్మ కింద ఎవరి పేరుందో పిల్లలను చదవమనండి.

4. అమ్మ, అమ్మమ్మ, నానమ్మ, అత్త చేసిన ఒక పనిని వెతకండి: ఎంబ్రాయిడరీ, ముగ్గుల పుస్తకం, రికార్డు బొమ్మ, ఏదైనా సరే. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని ఒక చీటీ రాసి దానికి అంటించమనండి. వచ్చే పీటీఎంకు తెస్తే లైబ్రరీ టేబుల్ మీద అందరికీ చూపిద్దాం.

ఆ బోటనీ రికార్డు ఇప్పుడు మా లైబ్రరీ టేబుల్ మీదే ఉంది. తిరిగి ఇచ్చేముందు పాప, "ఇందులో ఇప్పుడు అమ్మ పేరు రాయొచ్చా టీచర్?" అని అడిగింది. మావయ్యను కూడా ఒక మాట అడగమన్నాను. మర్నాడు ఆయన ఒప్పుకున్నారని చెప్పింది. చివరి పేజీలో వాళ్ల అమ్మే వచ్చి సంతకం చేస్తానన్నారట.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్