నొప్పి చుట్టూ నాలుగు కెరీర్లు

నడుము నొప్పి అనగానే డిస్కు జారిందా, నరం నొక్కుకుందా అని అడుగుతాం. మూడు నెలలు దాటినా వదలని నొప్పి విషయంలో మెదడునూ చూడాలి. 2004లో షికాగో ప్రాంతంలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన అప్కారియన్ బృందం 26 మంది నడుము నొప్పి బాధితుల ఎంఆర్‌ఐ స్కాన్లను, అంతేమంది ఆరోగ్యవంతుల స్కాన్లతో పోల్చింది. బాధితుల్లో గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే మెదడు కణజాలం) 5 నుంచి 11 శాతం తక్కువగా తేలింది. వయసు మీదపడి 10-20 ఏళ్లలో తగ్గేంత అది! ఏకాగ్రత, నిర్ణయాలతో ముడిపడిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోనూ తేడా కనిపించింది.

ఇది శాశ్వత నష్టమే కానక్కర్లేదు. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు నడుము నొప్పి బాధితులకు చికిత్సకు ముందు, ఆర్నెల్ల తర్వాత స్కాన్లు తీసి చూస్తే, ప్రీఫ్రంటల్ భాగం మందం తిరిగి పెరిగింది. నొప్పి చికిత్స, పరిశోధన రంగంలో పనిచేసేవాళ్లకు భరోసా అదే.

ఎవరికి ఏ దారి?

ఫిజియోథెరపీ: బైపీసీ తర్వాత బీపీటీ చేయవచ్చు. వంగితే నడుము విరుగుతుందని భయపడే మనిషి చేత మొదట కుర్చీ మీది పుస్తకం, తర్వాత స్టూలు మీదిది, చివరికి నేల మీదిది తీయించడం ఇక్కడి పని. ఓపిక ఉన్నవారికి నప్పుతుంది.

క్లినికల్ సైకాలజీ: నొప్పి చుట్టూ అల్లుకున్న భయం, నిద్రలేమి, నిరాశలకు చికిత్స చేస్తారు. ప్రాక్టీసుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపున్న కోర్సు చదవాలి.

పెయిన్ మెడిసిన్: ఎంబీబీఎస్ చేసి, ఎక్కువమంది అనస్థీషియా పీజీ మీదుగా వస్తారు. దారి పొడవు, బాధ్యతా ఎక్కువే.

న్యూరోఇమేజింగ్: మెదడు స్కాన్లను విశ్లేషించే పని ఇది. ఎంపీసీ, బీటెక్ వాళ్లకూ చోటుంది. పైథాన్, స్టాటిస్టిక్స్ రావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉన్నాయి. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌నూ చూడండి.

న్యూరోఇమేజింగ్ ఇంటర్వ్యూకి ఇలా సిద్ధమవండి

'నొప్పి వల్లే గ్రే మ్యాటర్ తగ్గిందా, ముందే ఉన్న తేడా వల్ల నొప్పి వదల్లేదా?' అని అడిగితే, ఒక్కసారి తీసిన స్కాన్ అది తేల్చలేదని, ఒకే మనిషిని కొంతకాలం వెంట చూడాలని చెప్పగలగాలి. ఓపెన్‌న్యూరో వెబ్‌సైట్‌లో మెదడు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. సెలవుల్లో ఓ చిన్న డేటాసెట్ విశ్లేషించి, ఆ ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టండి. సర్టిఫికెట్ కోర్సుల జాబితా కంటే దానికే విలువ ఎక్కువ.