డిస్కుల పునరుద్ధరణ వేళ సర్వరు మొరాయిస్తే

కార్యాలయంలోని సర్వరు ఉన్నట్టుండి పలకడం మానివేసినపుడు, ఒకసారి ఆపి తిరిగి ప్రారంభిద్దామనిపించడం సహజం. అయితే డిస్కుల సమూహం, అనగా రెయిడ్, పునరుద్ధరణలో ఉన్నపుడు ఈ తొందరపాటు సమాచారానికే ముప్పు తేగలదు.

రెయిడ్ అనే పేరు 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ వెలువరించిన పత్రంతో వాడుకలోకి వచ్చింది. రెయిడ్ 1, రెయిడ్ 5 వంటి పద్ధతులలో ఒక డిస్కు చెడినా మిగిలినవాటి నుండి సమాచారాన్ని రాబట్టవచ్చును. కొత్త డిస్కును అమర్చగానే, మిగిలిన డిస్కులను చదువుతూ దానిని నింపే పని మొదలవుతుంది. ఒకే గుమాస్తా పాత లెడ్జరుకు నకలు తీస్తూ, కౌంటరు వద్ద ఖాతాదారులకూ సమాధానం చెప్పవలసి వస్తే వరుస పెరగక తప్పదు కదా! సర్వరు స్థితి కూడా అటువంటిదే.

లినక్స్ సర్వరులో ముందుగా ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైలును చూడండి. జరుగుతున్న పని ఏది, ఎంత శాతం పూర్తయినది, ఇంకెంత సమయం పట్టేదీ అందులో తెలుస్తుంది. అది కేవలం నియమిత తనిఖీ అయితే ఆపివేసి, సెలవు దినానికి మార్చుకోవచ్చును. పునరుద్ధరణ అయితే మాత్రం కొనసాగనివ్వవలెను.

పిదప ఐఓస్టాట్ ఆదేశంతో ప్రతి డిస్కు జాప్యాన్ని పోల్చండి. అన్నిటా జాప్యం ఒకే తీరుగా ఉంటే అది పనిభారం. ఒక్క డిస్కులోనే అధికంగా ఉండి, లాగ్‌లో చదువుటలో దోషాలు కనిపిస్తే, ఆ డిస్కు కూడా చెడిపోతున్నదని అనుమానించాలి. అపుడు వేగం సంగతి పక్కనపెట్టి, ముఖ్యమైన సమాచారాన్ని వెంటనే వేరొకచోటికి నకలు తీయండి.

పనిభారమే కారణమైతే వేగపు హద్దులను పరిశీలించండి. సాధారణంగా కనిష్ఠ హద్దు సెకనుకు 1,000 కిలోబైట్లు, గరిష్ఠ హద్దు 2,00,000 కిలోబైట్లు. పని త్వరగా ముగియాలని ఎవరైనా కనిష్ఠ హద్దును బాగా పెంచి ఉంటే, ఇతర పనులకు అవకాశం దక్కదు. పనివేళల్లో దానిని తగ్గించి, రాత్రికి పెంచడం మేలు.

తగ్గించడానికీ ఒక మితం ఉన్నది. 4 టెరాబైట్ల డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో సుమారు 11 గంటల్లో నిండుతుంది. 1 మెగాబైటు వేగంతోనైతే 45 రోజులు దాటుతుంది. రెయిడ్ 5లో ఆ వ్యవధిలో మరొక డిస్కు చెడితే సమూహమంతా పోయినట్లే.

విద్యుత్ తీసివేయడం అన్నిటికన్నా చివరి మార్గం. ఒక డిస్కు లోపించిన రెయిడ్ 5 సమూహం అర్ధాంతరంగా ఆగితే, లినక్స్ దానిని తిరిగి ప్రారంభించడానికి నిరాకరించవచ్చును.

ఒక్క మాట గుర్తుంచుకోండి: రెయిడ్ డిస్కు చెడినపుడు పని ఆగకుండా చూస్తుందే గాని, పొరపాటున చెరిపిన ఖాతాను తిరిగి ఇవ్వలేదు. కావున వేరొక చోట భద్రపరచిన బ్యాకప్ మీకు ఎల్లపుడూ అవసరమే.