పెరటి బావిపై గిజిగాని గూళ్లు

కర్నూలు, కడప సీమలలో వానలు కురిసి గడ్డి పొడవు పెరుగగానే గిజిగాండ్లు బావులపైకి వంగిన తుమ్మ, ఈత చెట్లకు గూళ్లు అల్లును. కంకులు తినునన్న కోపముచే కొందరు పిల్లలున్న గూళ్లను సైతము త్రెంపివేయుదురు. అట్లు చేయుటకు ముందు రైతులు ఈ సంగతులు గమనింపవలెను.

1. గూటిని అల్లునది పసుపుతలగల మగపక్షి. సగము గూటిని ఆడుది పరీక్షించి మెచ్చినచో, మగది క్రిందికి వ్రేలాడు గొట్టమువంటి దారి అల్లి ముగించును. తరువాత వేరొక గూటికి పూనుకొని మరియొక ఆడుదానిని పిలుచును. ఈ క్రమమును సలీం అలీగారు కొంకణ తీరమున కిహీం గ్రామమునందు కనిపెట్టి 1931లో ప్రకటించిరి.

2. ఆడుది రెండు మొదలు నాలుగు తెల్లని గ్రుడ్లు పెట్టి తానే పొదుగును. రెండు వారములు దాటిన పిమ్మట పిల్లలు వెలువడును. మరి రెండు, రెండున్నర వారములకు ఎగురును.

3. ఉదయమున దూరముగా నీడను కూర్చుండి చూడుడు. తల్లి ముక్కున పురుగును, మిడుతను తెచ్చుచున్నచో గూట పిల్లలున్నవని తెలియవలెను. పెద్దవి గింజలు తినునవియైనను పిల్లలను ముఖ్యముగా పురుగులతోనే పెంచును. కావున అప్పుడు గూడు త్రెంపినచో పైరులోని పురుగును ఏరు పక్షిని తరిమినట్లగును.

4. కంకి పాలుపోసుకొన్నది మొదలు కోతవఱకు మంచె, వడిసెలలతో కావలి యుంచుట చాలును. అడవిపక్షుల గూళ్లను, గ్రుడ్లను పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము.