గురి కుదురుచున్నదా? : ఎయిర్ పిస్టల్ విద్యార్థి తన ప్రగతిని కొలుచుకొను విధము

గురి చూచి కాల్చు విద్యలో ప్రవేశించిన విద్యార్థిని మొదటి నెలలోనే ఒక సందేహం వేధిస్తుంది. తాను ముందుకు పోవుచున్నాడా, లేక ఉన్నచోటనే నిలిచినాడా? పరుగు పందెగానికి గడియారం సమాధానం చెబుతుంది. బరువులెత్తేవానికి ఇనుమే చెబుతుంది. పిస్టల్ పట్టినవానికి కాగితం మీద అంకె కనిపించును గాని, ఆ అంకె ఒకనాడు నిజం పలికితే మరొకనాడు మభ్యపెడుతుంది. నిన్న 85 వచ్చి నేడు 72 రాగానే తనకీ విద్య అబ్బదని విడిచిపెట్టేవారు కొందరు. ఒక్కసారి 90 వచ్చినందుకు అంతా తెలిసినదని సాధన సడలించేవారు మరికొందరు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకటే: కొలబద్దను సరిగా ఎన్నుకొనకపోవడం. ఆ కొలబద్దను గురించి ఇచ్చట విచారించదలచినాము.

ముందుగా క్రీడాస్వరూపం తెలియవలెను. పోటీదారు 10 మీటర్ల దూరాన నిలిచి, ఒక్క చేతితోనే పిస్టల్ పట్టి కాల్చవలెను. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పిస్టల్ బరువు 1500 గ్రాములు మించరాదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపగలిగి ఉండవలెను. లక్ష్యం నడుమనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీయంత. అక్కడినుండి బయటకు ప్రతి 8 మిల్లీమీటర్లకు ఒక పాయింటు తగ్గుతుంది. పోటీలో 60 గుళ్ళు, పూర్తి మార్కులు 600. పూర్వం స్త్రీలకు 40 గుళ్ళే ఉండేవి; 2018 నుండి వారికి కూడ 60 చేసినారు.

మొదటి కొలత: గుంపు

ఇద్దరు విద్యార్థులు అయిదేసి గుళ్ళు కాల్చినారనుకొందము. మొదటివాని గుళ్ళన్నీ ఎడమవైపు పైభాగాన, ఏడవ వలయంలో, రూపాయి బిళ్ళంత చోట పడినవి. రెండవవానికి వరుసగా 10, 4, 8, 3, 10 వచ్చినవి. ఇద్దరికీ మొత్తం 35. కాని ఇద్దరూ సమానులా? మొదటివాడు వెనుక గురిమరను కొంచెం తిప్పుకొన్నచో ఆ గుంపు అంతా నడుమకు వస్తుంది. రెండవవానికి తిప్పుకొనుటకు మర యేదీ లేదు. వానికి వచ్చిన రెండు పదులు కాకతాళీయములు. కనుక తొలి మాసాలలో మొత్తం కంటె గుంపు వెడల్పును కొలుచుకొనుట మేలు. ఒక స్కేలు, ఒక పెన్సిలు చాలును.

రెండవ కొలత: గురి పొందిక

గుళ్ళు చెదరుటకు చేతి వణకే కారణమని ప్రారంభకులందరూ తలుస్తారు. ఇది సగం నిజం. చాపిన చేయి ఎవరికైనను కొంత కదలును. చేయి, పిస్టల్ కలసి 5 మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగితే గుండు కూడ 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. పది తొమ్మిది కావచ్చును, అంతే. కాని ముందు గురికి, వెనుక గురికి నడుమ పొందిక తప్పినచో సంగతి వేరు. ఆ రెంటి నడుమ దూరం 32 సెంటీమీటర్లనుకొంటే, అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా 10 మీటర్ల దూరాన దాదాపు 31 మిల్లీమీటర్లవుతుంది. అనగా సుమారు నాలుగు వలయాలు! అందుచేతనే శిక్షకులు కంటి చూపును లక్ష్యం మీద గాక ముందు గురి మీద నిలుపుమంటారు. నల్లని వృత్తం మసకగా కనిపించినను భయపడనక్కరలేదు. ముందు గురి అంచు స్పష్టంగా కనిపిస్తుండగానే గుండు వెడలినదా అని ప్రతిసారీ తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఔనని చెప్పగల సందర్భాలు నెలనెలకు పెరుగుచున్నచో అది నిజమైన ప్రగతి.

మూడవ కొలత: చూడకముందే చెప్పుట

గుండు పేలిన క్షణాన, కాగితం చూడక పూర్వమే, అది ఎచ్చట పడియుండునో చెప్పవలెను. "కుడివైపు కొంచెం దిగువ, ఎనిమిది" అని పుస్తకంలో గుర్తు వేసి, ఆ తరువాతనే లక్ష్యాన్ని చూడవలెను. చెప్పినదీ పడినదీ ఒకటైనచో, ఆ గుండు ఎనిమిదైనను విద్యార్థి దానికి యజమాని. తప్పు ఎచ్చట జరిగినదో అతడెరుగును గనుక దిద్దుకొనగలడు. కారణం తెలియని పది కంటె కారణం తెలిసిన ఎనిమిది విలువైనది. మా దృష్టిలో ప్రారంభకునికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

నాలుగవ కొలత: కనిష్ఠము

పది గుళ్ళను ఒక వరుసగా లెక్కించుట ఆచారం. ఒక విద్యార్థి ఆరు వరుసలలో 88, 71, 84, 69, 90, 78 సాధించినాడు. నెల గడచిన పిమ్మట అతడే 81, 79, 82, 80, 78, 80 సాధించినాడు. రెండు పర్యాయములు మొత్తం 480 మాత్రమే. పైగా గరిష్ఠము 90 నుండి 82కు దిగినది. అతడు వెనుకబడినాడని స్నేహితులు అనవచ్చును. కాని కనిష్ఠమును చూడుడు! 69 నుండి 78కి పెరిగినది. మొదట 21 పాయింట్ల ఊగిసలాట ఉండగా, ఇప్పుడు 4 మాత్రమే మిగిలినది. ఉత్తమమైన రోజు మన శక్తికి హద్దును చూపును. అధమమైన రోజు మన అలవాటును చూపును. పోటీలో వెంట వచ్చేది అలవాటే.

ఐదవ కొలత: కాల్చకుండుట

పిస్టల్ లక్ష్యం మీదికి దిగిన తరువాత ఏడెనిమిది సెకన్లలో గుండు వెడలనిచో కన్ను అలసిపోవును, ఊపిరి బిగియును, వ్రేలు తొందరపడును. అప్పుడు చేయి దించి మరల ప్రారంభించుటే వివేకం. ప్రారంభకుడు సిగ్గుపడి ఎట్లో ఒకట్లు కాల్చివేయును, సాధకుడు దించును. ఈ నిగ్రహం ఏ కాగితం మీదను నమోదు కాదు గనుక, ఎన్నిసార్లు దించినాడో విద్యార్థి తానే వ్రాసికొనవలెను.

వ్రాసికొనుట అన్నచో మన తీరాన ఒక గొప్ప దృష్టాంతం కలదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 317 సెకన్లలో బంగాళాఖాతం పాలైనది. ఫలితం మాత్రమే చూచినచో అది సున్న. కాని గమనమంతయు యంత్రాలు నమోదు చేసియుండుటచే, దోషమెచ్చటనో శాస్త్రజ్ఞులు వెదకి దిద్దుకొనగలిగినారు. 1980 జులై 18న అదే తీరం నుండి రోహిణి ఉపగ్రహం కక్ష్య చేరినది. మన అభ్యాస పుస్తకం కూడ అట్టిదే. తేదీ, వేళ, గుంపు వెడల్పు, ముందుగా చెప్పి సరిపోయిన గుళ్ళ సంఖ్య, దించిన పర్యాయాలు ఉండవలెను. మైపాడు, కృష్ణపట్నం ప్రాంతాల ఉక్కపోతలో అరచేయి చెమర్చి పిడి జారుట కద్దు; ఆ సంగతియు వ్రాయవలెను. అప్పుడే మే నెల స్కోరును జనవరి స్కోరుతో పోల్చి వృథాగా క్రుంగిపోకుందుము.

పెద్ద క్రీడాకారుల చరిత్ర కూడ ఒక్కనాటి అంకెను నమ్మవద్దనే చెబుతుంది. 2021లో టోక్యో ఒలింపిక్సులో సౌరభ్ చౌదరి 586 పాయింట్లతో అర్హత పోటీలో అగ్రస్థానం పొంది, తుది పోటీలో ఏడవవాడైనాడు. మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయస్సుననే జాతీయ విజేతగా నిలిచినది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచినది. 2024లో పారిస్ ఒలింపిక్సున 25 మీటర్ల పోటీలో తుది దశకు చేరలేకపోయినది. ఆమె అచ్చటితో తన్ను తాను అంచనా కట్టుకొనలేదు. 2025లో నింగ్‌బో ప్రపంచ కప్పులో ఎయిర్ పిస్టల్ స్వర్ణం ఆమెదే. ద్వితీయ స్థానానికి, ఆమెకు తేడా 0.1 పాయింటు!

గుండు లేకుండ గోడ ముందు నిలిచి ట్రిగ్గర్ నొక్కుట ఈ విద్యలో ముఖ్యమైన సాధన. శిక్షణశాల దూరమైన గ్రామాల వారికి ఇది వరము. అయితే అందుకు తగిన ఏర్పాటు గల పిస్టల్‌తోనే, పెద్దల పర్యవేక్షణలోనే చేయవలెను. సాధారణ స్ప్రింగు పిస్టల్ ఖాళీగా కాల్చినచో చెడిపోవును. పిస్టల్ మూతి ఎన్నడును మనిషి వైపు తిరుగరాదు; కాల్చదలచు వరకు వ్రేలు ట్రిగ్గర్‌ను తాకరాదు. ఈ నియమం తప్పినవాని స్కోరు ఎంతైనను మేము దానిని ప్రగతిగా లెక్కింపము.

కావున విద్యార్థి మిత్రులారా, ప్రక్క వరుసలో నిలిచినవాని కాగితం వైపు చూడకుడు. నేటి పుటను నిన్నటి పుటతో గాక నెల క్రిందటి పుటతో పోల్చుడు. గుంపు ఇరుకైనదా, కనిష్ఠము పెరిగినదా, చెప్పినచోటనే గుండు పడుచున్నదా? ఈ మూడింటిలో ఒక్కటికి ఔనని సమాధానం వచ్చినను సాధన ఫలించుచున్నట్లే. మొత్తం అంకె కొంచెం ఆలస్యంగా, దాని వెనుకనే వచ్చును.